అరుగు మీద సంచి, నలుగురు సాక్షులు

పీటలు లాక్కుని ఇటు దగ్గరికి జరగండమ్మా. ఫ్యాను చప్పుడులో నా గొంతు కలిసిపోతుంది, పైగా ఇది వీధిలోకి వినపడేలా చెప్పే సంగతి కాదు. ఫోన్లు పక్కన పెట్టండి. మధ్యలో లేవకండి, సగం విన్న మాట ఎంత చెరుపు చేస్తుందో ఈ కథలోనే ఉంది.

నేను చదివింది ఏడో తరగతి. ముప్పై నాలుగేళ్లు హోంగార్డుగా చేశాను, ఎక్కువ కాలం తణుకు చుట్టుపక్కల స్టేషన్లలో. ప్రమోషన్ల గురించి రాయడానికి ఏమీ లేదు, మాకు అవి ఉండవు. చేరిన రోజు ఏ డ్రెస్సో దిగిన రోజూ అదే, నడుం దగ్గర మాత్రం మూడుసార్లు వదులు చేయించాను. మా ఆడపడుచు మనవరాలు ఈమధ్య కానిస్టేబుల్‌గా సెలెక్టయింది. "అమ్మమ్మా, సాక్షుల్ని ఎలా అడగాలో నాకు చెప్పవూ" అంది. నోటితో మొదలెట్టాను. రాసిస్తే తన స్నేహితురాళ్లకీ పనికొస్తుందని కాగితాలు తెచ్చిచ్చింది. అక్షరాలు అది దిద్దింది, మాట నాదే. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను, కొందరు ఇంకా అక్కడే ఉన్నారు.

గడియారం చూసినవాణ్ణి నమ్మకండి

స్టేషన్లో నా పని ఏంటంటే ఆడవాళ్ల దగ్గర కూర్చోవడం. ఎస్సై గారు వీధిలో కుర్చీ వేయించుకుని మగవాళ్లని అడిగేవారు. నన్ను వంటింట్లోకి పంపేవారు. కూరగాయలు తరుగుతూ, బియ్యం ఏరుతూ మాట్లాడేదాన్ని. చేతికి పనుంటే మనిషి నోరు సులువుగా కదులుతుంది.

పల్లెటూళ్లో ఆడవాళ్లు గంటలు చెప్పరు. ఒకసారి కాలువలో ఒకతని శవం తేలింది. అతను ఇంట్లోంచి ఎప్పుడు వెళ్లాడని అడిగితే భార్య "నేను పప్పు నానబోస్తున్నప్పుడండి" అంది. అత్తగారు "పప్పు రుబ్బుతుంటే వెళ్లాడు" అంది. ఎస్సై గారికి ఇక కోడలి మీద అనుమానం. మాట కలవడం లేదు, దాస్తోంది అన్నారు. నేను చెప్పాను: నానబోసేది పొద్దున్న, రుబ్బేది మధ్యాహ్నం దాటాక. ఇద్దరూ నిజమే చెబితే ఆ మనిషి రెండుసార్లు వెళ్లాడన్నమాట, మధ్యలో ఇంటికొచ్చాడన్నమాట. ఎందుకొచ్చాడని మళ్లీ అడిగితే వల తీసుకెళ్లడానికని తేలింది. వల తూము దగ్గర దొరికింది. కాలు జారి పోయాడు పాపం. ఆ కోడలు జైలు గడప దాకా వెళ్లి వెనక్కొచ్చింది.

ఇంకొకాయన బండి పోయిందని వచ్చాడు. "సరిగ్గా మూడూ పదిహేడుకి చూశానండి, అప్పటికే లేదు" అన్నాడు. వాచీ ఎందుకు చూశారండీ అని అడిగాను. మళ్లీ వాచీ వైపే చూసుకున్నాడు. బండి వాళ్ల బావమరిది పశువుల పాకలో గడ్డి కింద ఉంది. బావమరిదితో గొడవపడి అతని మీదకి తోసేద్దామనుకున్నాడు. మూడున్నర అని ఉంటే నమ్మేదాన్ని.

ఇలాంటివి నాలుగు చూసేసరికి నాకు తెలివి వచ్చేసిందనుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ తెలివి సంగతే.

కొబ్బరి తోట

తణుకుకీ పెనుగొండకీ మధ్య కాలువ గట్టున ఒక ఊరు. అక్కడ సుభద్రమ్మ గారని ఒకావిడ ఉండేది, భర్త పోయినావిడ, యాభై దాటిన మనిషి. ఇంటి వెనక రెండెకరాల కొబ్బరి తోట. పిల్లల్లేరు. బావగారి కొడుకు కృష్ణమూర్తి అదే ఊళ్లో, రెండు వీధుల అవతల తల్లితో ఉండేవాడు. తోట ఎవరికి రాయాలన్న దాని మీద పిన్నికీ అతనికీ మాటా మాటా వచ్చిందని ఊళ్లో అందరికీ తెలుసు.

శివరాత్రి వెళ్లాక వారం రోజులకి ఒక మధ్యాహ్నం సుభద్రమ్మ గారిని తోటలో కొబ్బరికాయలు నిలవచేసే కొట్టు దగ్గర ఎవరో తల మీద కొట్టి చంపేశారు. పన్నెండున్నరకి పనిమనిషి అంట్లు తోమి వెళ్లినప్పుడు ఆవిడ బాగానే ఉంది. నాలుగింటికి పాలు పోసే ఆవిడ వచ్చి చూసి కేక పెట్టింది. ఒంటి మీద నగ నగలాగే ఉంది.

ఆ రోజు పొద్దున్న ఆ తోటలో కాయలు దింపినవాడు నూకరాజు. చెట్లెక్కే పని అతనిది. పొద్దున్న పని ముగించి వెళ్లాడు, మర్చిపోయిన మోకుతాడు కోసం ఒంటిగంటకి మళ్లీ వచ్చాడు. అది దాచలేదు, తనే చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు.

"నేను మోకు తీసుకుని బయటికొస్తుంటే కృష్ణమూర్తి బాబు గేటు తీసుకుని లోపలికెళ్తున్నారండి. గళ్ల చొక్కా. నన్ను చూసి తల తిప్పుకున్నారండి."

ఈ మాటే అతని మెడకి చుట్టుకుంది.

నలుగురూ ఒకే మాట

అప్పటి సీఐ గారు చురుకైన మనిషి. ఏ కేసైనా మూడు రోజుల్లో ముగించాలనేవారు. చెడ్డవారని అనను. తొందర ఆయనకి జబ్బులాంటిది, పైవాళ్లు మెచ్చుకునే జబ్బు.

కృష్ణమూర్తి ఆ రోజు ద్రాక్షారామంలో బంధువులింట్లో శుభకార్యానికి వెళ్లాడు. కబురు అందాక మర్నాడు పొద్దున్న వచ్చి పిన్ని కాళ్ల మీద పడి ఏడ్చాడు. మరి అతను ఊళ్లోంచి ఎప్పుడు బయల్దేరాడు? అది తెలుసుకుని రమ్మని నన్నే పంపారు.

కృష్ణమూర్తి ఎదురింటావిడ పేరమ్మ గారు. ఊళ్లో అందరికీ పెద్దదిక్కు, ఆవిడ మాట కొట్టేసేవాళ్లు లేరు. అరుగు మీద కూర్చుని చింతపండు తీస్తోంది. నేనూ కూర్చుని నాలుగు కాయలు ఒలిచాను.

"కృష్ణమూర్తి గారు ఎన్నింటికి వెళ్లారు పిన్నిగారూ?"

"తొమ్మిది లోపే అయిపోయిందమ్మా వాడి ప్రయాణం. తరవాత వర్జ్యం ఉంది. వాళ్లమ్మకి అలాంటివి పట్టింపు."

నేను తిరిగొచ్చి సీఐ గారికి చెప్పాను: తొమ్మిదింటికే వెళ్లిపోయాడండి, ఎదురింటావిడ చూసింది. "చూసింది" అన్న మాట నాది. ఆవిడ అనలేదు.

టీ హోటలు సూరిబాబు పొద్దున్నే వెళ్లిపోయాడన్నాడు. కిరాణా కొట్టాయన అదే అన్నాడు. పాలు పోసే ఆవిడా అదే. నలుగురూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట. సీఐ గారు టేబులు మీద అరచేత్తో కొట్టారు. "నలుగురు ఒక మాట మీద ఉంటే అదే నిజం. ఊళ్లో లేని మనిషిని ఒంటిగంటకి గేటు దగ్గర చూశాడంట వీడు. ఎందుకు అబద్ధమాడుతున్నాడు?"

గదిలో ఉన్న మా అందరికీ ఆ ప్రశ్నకి జవాబు ఒకటే కనపడింది.

ఆ మాట మార్చుకోమని నూకరాజుని రెండు రోజులు ఎలా అడిగారో రాయను, మీరు ఊహించుకోగలరు. అతను మార్చలేదు. గళ్ల చొక్కా అన్నవాడు గళ్ల చొక్కా అనే అన్నాడు. అబద్ధం చెప్పేవాడు దెబ్బ పడేకొద్దీ కొత్త కొత్త కథలు చెబుతాడు, అది స్టేషన్లో స్వీపరుకి కూడా తెలుసు. మేం మాత్రం "గట్టి పిండం" అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

కోర్టులో కేసు నిలబడలేదు. సాక్ష్యం చాలదని వదిలేశారు. అసలు హంతకుడు ఎవరన్నది తేలక ఫైలు బీరువాలోకి వెళ్లింది. నూకరాజు ఇంటికి వెళ్లాడు గానీ ఊరు అతన్ని ఇంటికి రానివ్వలేదు. ఏ తోటకీ ఎవరూ పిలవలేదు. సొంత అన్న కూడా గడప తొక్కద్దన్నాడు. "చంపావో లేదో దేవుడికి తెలుసు, పెద్దింటి బిడ్డ మీద అబద్ధం మాత్రం ఆడావు" అన్నాడట. భార్యని తీసుకుని పది మైళ్ల దూరంలో కాలువ గట్టున పాక వేసుకున్నాడు.

మంగ అడిగింది

ఇరవై రెండేళ్లు గడిచాయి. నాకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది. డీఎస్పీ ఆఫీసులో డ్యూటీ. కొత్తగా వచ్చిన డీఎస్పీ మేడం చిన్న వయసావిడ. నవ్వు తక్కువ. తేలని పాత హత్యల ఫైళ్లన్నీ దింపించి ఒక్కొక్కటే చదివేది.

ఒక రోజు మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది గానీ గుర్తుపట్టాను. నూకరాజు భార్య మంగ.

"మేడం గారు పాత కేసులు చూస్తున్నారంటండి. మాదీ చూడమని చెప్పండి."

"మీ ఆయన్ని వదిలేశారు కదే. మళ్లీ ఎందుకు కెలుక్కోవడం?"

"చంపలేదని కోర్టోళ్లు వదిలేశారండి. అబద్ధమాడలేదని ఎవరూ అనలేదండి." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయనకి మోకాళ్లు పోయాయి, ఊపిరి అందట్లేదు. పిల్లకి పెళ్లి చేసినా ఆ ఊళ్లో ఒక్కరికీ చెప్పుకోలేదండి మేం. పోయేలోగా ఒక్కసారి ఆ వీధిలో నడవాలంటాడు. అబద్ధాలకోరుగా నడవడంట. నిజం చెప్పినోడిలా నడుస్తాడంట. ఏం చెయ్యమంటారు చెప్పండి."

నేను లోపలికెళ్లి మేడంకి చెప్పాను. ఆవిడ ఆ ఫైలు అప్పటికే చదివేసింది.

"నలుగురు సాక్షులు ఒకే మాట చెప్పారు కదా సత్యవతమ్మ గారూ. మీరేమంటారు?"

"అప్పుడు సీఐ గారు అదే నిజమన్నారండి."

"నేనైతే ముగ్గుర్ని అనుమానిస్తాను. నలుగురు చూస్తే నాలుగు రకాలుగా చెబుతారు. ఒకే మాట చెప్పారంటే ఒకరి నోట్లోంచే వచ్చింది."

పప్పు నానబోసిన కోడల్ని కాపాడిన తెలివి ఇక్కడ ఏమైపోయిందా అనిపించింది.

చింతపిక్కల లెక్క

కోర్టు అనుమతి తీసుకుని మేడం మళ్లీ దర్యాప్తు మొదలెట్టింది. నాకు కంప్యూటరు రాదు. మేడం స్క్రీను మీద పెట్టెలు గీసుకుంటుంటే నేను ఇంట్లో గచ్చు మీద సుద్దముక్కతో పొడుగు గీత గీశాను. ఒక చివర తెల్లవారడం, ఇంకో చివర దీపాలు పెట్టే వేళ. కళ్లతో చూసిన మాటకి చింతపిక్క, చెవితో విన్న మాటకి గవ్వ. ఊహించుకున్న మాటకి ఏమీ పెట్టను, ఖాళీ వదిలేస్తాను. మీకు ఇదే పద్ధతి అక్కర్లేదు. ఈ మూడింటినీ మాత్రం ఎక్కడా కలపకండి, కాగితం మీదైనా, బుర్రలోనైనా.

సూరిబాబు హోటలు మూసేసి మంచాన పడి ఉన్నాడు. మాట బాగానే ఉంది.

"బాబాయ్, కృష్ణమూర్తి గారు వెళ్లడం నువ్వు చూశావా?"

"నేనెక్కడ చూశానమ్మా. పేరమ్మ గారి అరుగు మీద సంచి ఉంటే, ఎవరిదండీ అంటే, కృష్ణమూర్తిది, ప్రయాణం అయిపోయింది అన్నారు. అదే చెప్పాను."

"మరి సంచి అక్కడుంటే మనిషి ఎలా వెళ్లిపోయాడు?"

"నన్నడుగుతావేంటి? నువ్వే కదా పోలీసువి."

పాలు పోసే ఆవిడా అంతే, పేరమ్మ గారు చెప్పగా విన్నది. కిరాణా కొట్టాయన చనిపోయాడు. ఫైల్లో అతని వాంగ్మూలం మేడం చదివి వినిపించింది. అందులో "పేరమ్మ గారు చెప్పగా తెలిసింది" అని స్పష్టంగా ఉంది. ఇరవై రెండేళ్లుగా ఉంది. మాలో ఎవరమూ చదవలేదు.

మూడు గవ్వలు. చింతపిక్క ఒక్కటే మిగిలింది, అది కూడా నేను పెట్టిందే.

పైగా ఇంకో తప్పు. బయల్దేరింది ఎప్పుడని నలుగుర్ని అడిగాం. ద్రాక్షారామం చేరింది ఎప్పుడని ఒక్కరినీ అడగలేదు. ఇప్పుడు ఆ బంధువుల్లో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. బయల్దేరిన గడపే కాదమ్మా, చేరిన గడప కూడా అడగాలి.

ఆ సంచి మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మా అమ్మ కూడా పెట్టేది. మన వైపు పాత ఇళ్లల్లో ఇది మామూలే. మంచి ఘడియలో మనిషి బయల్దేరలేకపోతే అతని సంచో కండువానో ఎదురింట్లోనో పక్కింట్లోనో పెట్టి రావడం. ప్రస్థానం పెట్టడం అంటారు. సంచి గడప దాటితే మనిషి దాటినట్టే. తరవాత తీరిగ్గా అన్నం తిని, అవసరమైతే ఓ కునుకు తీసి, సంచి అందుకుని వెళ్తాడు. వర్జ్యం అంటదు. నా పెళ్లైన కొత్తలో మా ఆయన ప్రస్థానం పెట్టి ఒకరోజంతా ఇంట్లోనే ఉన్నాడు. ఇంత తెలిసీ ఆ రోజు పేరమ్మ గారిని ఒక్క మాట అడగలేదు: గడప దాటింది మనిషా, సంచా అని.

ఎండ అరుగెక్కిన వేళ

పేరమ్మ గారికి ఎనభై దాటాయి. చెవులు మందం, జ్ఞాపకం మాత్రం కత్తి. వెళ్లగానే హత్య ఊసెత్తలేదు. ఆవిడ కోడలు బెండకాయలు తరుగుతుంటే కత్తిపీట అందుకున్నాను.

"పిన్నిగారూ, కృష్ణమూర్తి గారు ఆ రోజు ద్రాక్షారామం ఏం పట్టుకెళ్లారు?"

"పూతరేకులే. వాళ్లమ్మ ఆత్రేయపురం నుంచి తెప్పించింది. సంచి మా అరుగు మీద పెట్టారు కదా, ఎండ వచ్చేసరికి నెయ్యి కరిగిపోతుందని నేనే లోపలికి జరిపాను. లేకపోతే గుడ్డంతా జిడ్డయ్యేది."

ఇంకో బెండకాయ అందుకున్నాను.

"తరవాత ఎవరు తీసుకెళ్లారు?"

"ఎవరేంటే, వాడే. వచ్చి మజ్జిగ అడిగి, నిలబడే తాగాడు. కూర్చోరా అంటే కూర్చోలేదు."

"మరి తొమ్మిదింటికే అయిపోయిందన్నారు కదండీ, అప్పుడు."

"ప్రయాణం అయిపోయిందన్నాను. ప్రస్థానం పెట్టాక మనిషి ఇంట్లో ఉన్నాడని నోటితో అనకూడదు. అంటే ప్రయాణం చెడుతుంది."

"హత్య జరిగింది కదా పిన్నిగారూ. అప్పుడైనా చెప్పాల్సింది."

"అప్పటికి వాడు వెళ్లిపోయాడుగా" అంది, చాలా తేలిగ్గా.

ఆవిడకి తెలియకా, తెలిసీ ఊరుకుందా? ఆ మొహం చూస్తూ గంటసేపు కూర్చున్నా నాకు అంతుబట్టలేదు. ఎదురింటి పెద్దావిడ మీద గౌరవంతో ఇరవై రెండేళ్ల కిందట ఇంకో ప్రశ్న వేయలేదు నేను. గౌరవం గుమ్మం బయట పెట్టి వెళ్లండమ్మా. చెప్పులతో పాటు విప్పేసి, వచ్చేటప్పుడు తొడుక్కోండి.

ఎండ ఆ అరుగెక్కేది ఎప్పుడో చూడాలి. శివరాత్రి తరవాత వారం అని వెళ్దామనుకున్నాను. మేడం ఆపింది. "ఎండకి తిథి తెలియదు కదా సత్యవతమ్మ గారూ" అంది. నిజమే, శివరాత్రి ఏటేటా ముందూ వెనకా జరుగుతుంది. ఫైల్లో ఉన్న ఇంగ్లీషు తారీకు వచ్చేదాకా ఆగి వెళ్లాం. పేరమ్మ గారి అరుగుకి కొడుకు రేకుల పందిరి వేయించాడు, అక్కడ తేలదు. పక్కిల్లు అదే వరుస, అదే ఎత్తు, పాత పెంకుల చూరు అలాగే ఉంది. పొద్దున్నుంచి అక్కడ కూర్చున్నాను. పడమటి ముఖం ఇల్లు. ఒంటిగంటన్నర అయ్యేసరికి నా కాలి బొటనవేలు మీదకి ఎండ వచ్చింది. రెండింటికి అరుగు సగం నిండింది. మేడం రెండుసార్లూ ఫొటో తీసుకుంది.

అంటే ఒంటిగంటన్నర తరవాత కూడా కృష్ణమూర్తి ఊళ్లోనే ఉన్నాడు. ఒంటిగంటకి గేటు దగ్గర అతన్ని చూశానన్నవాడు అసాధ్యమైన మాటేమీ చెప్పలేదు.

మజ్జిగ గుర్తుంది

కృష్ణమూర్తి ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాడు. అరవై దగ్గర పడ్డాయి. పెద్ద ఇల్లు, పెద్ద మాట, గుడి పనుల్లో ముందుంటాడు. సుభద్రమ్మ గారి తోట చివరికి అతనికే వచ్చింది. మేడంతో నేనూ వెళ్లాను. కాఫీ ఇచ్చారు, నేను తాగలేదు.

"ఆ రోజు మీరు ఎన్నింటికి బయల్దేరారండీ?" అంది మేడం.

"రెండు దాటాకండి. భోంచేసి, ఎదురింట్లో సంచి తీసుకుని బస్సెక్కాను."

ఎక్కడా తడబడలేదు.

"ఈ మాట అప్పుడెందుకు చెప్పలేదు?"

"నన్నెవరూ అడగలేదండి. ఫైల్లో చూసుకోండి, నా వాంగ్మూలంలో ఆ ప్రశ్న ఉందా?"

లేదు. మేం అతన్ని అడిగింది ఏడుస్తున్న బంధువుని అడిగినట్టు.

"నూకరాజు మిమ్మల్ని చూశానన్నాడు. అది అబద్ధమని అతన్ని లాక్కెళ్లారు. అది మీకు తెలుసు కదా?"

"ఊళ్లో ఎన్నో అనుకుంటారండి."

"తోట వైపు వెళ్లారా ఆ మధ్యాహ్నం?"

"ఇరవై రెండేళ్లయింది కదండీ. ఎలా గుర్తుంటుంది?"

నేను ఉండబట్టలేక అడిగాను. "పేరమ్మ గారు ఇచ్చిన మజ్జిగ గుర్తుందా బాబూ?"

"ఉందండి. ఉప్పెక్కువైంది."

మజ్జిగలో ఉప్పు గుర్తున్నవాడికి ఓ గంట ముందు ఎటు నడిచాడో గుర్తులేదు. కార్లో ఆ మాటే అన్నాను. మేడం, "నాకూ అనుమానమే. కానీ అనుమానంతో ఒకడి బతుకు ఒకసారి కాల్చాం. రెండోసారి కాల్చను" అంది.

అది నాకు నచ్చలేదు అప్పుడు. ఇప్పుడూ పూర్తిగా నచ్చదు. కానీ ఆవిడే కరెక్టు. అతను అక్కడ ఉండొచ్చు అన్నంత వరకే మేం తేల్చాం. అతనే చంపాడని తేల్చలేదు. కర్ర దొరకలేదు, చొక్కా దొరకలేదు, ఇంకో కన్ను దొరకలేదు. నూకరాజు మీద కూడా నా అనుమానాన్ని ఊరికే తీసేయలేదు నేను, రెండుసార్లు వెళ్లి అడ్డదిడ్డంగా అడిగి చూశాను. గళ్ల చొక్కా మారలేదు. ఫైలు ఇంకా తెరిచే ఉంది. అసలు సంగతి ఏంటో చెప్పగలిగినవాడు రాజమండ్రిలో కాఫీ తాగుతూ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఈ ఉద్యోగంలో ఇలాంటి ముల్లు ఒకటి గుచ్చుకునే ఉంటుంది. దాన్ని పీకేసుకోవాలని ఎవరినో ఒకరిని బలి పెట్టకండి.

ఆ వీధిలో

ఎవరు ఎక్కడ నిలబడి ఏం చూశారో ఆ చోటే చూపించమని మేడం నూకరాజుని ఊళ్లోకి రప్పించింది. జీపు వీధి మొదట్లోనే ఆపించింది. అతను నడుస్తానన్నాడు. మంగ ఒక పక్క, కర్ర ఒక పక్క. జనం గుమ్మాల్లోకి వచ్చారు. అతని అన్న కూడా వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

తోట గేటు దగ్గర ఆగి ఎక్కడ నిలబడ్డాడో, బాబు ఎటు నుంచి వచ్చాడో చూపించాడు. పాత ఫైల్లోంచి అతని వాంగ్మూలం మేడం గట్టిగా చదివింది. మోకు కోసం రావడం, గేటు, గళ్ల చొక్కా, తల తిప్పుకోవడం. చదివి కాగితం మడిచి జనం వైపు తిరిగింది.

"హత్య ఎవరు చేశారో మాకింకా తెలియదు. ఇది మాత్రం తెలిసింది. ఆ వేళకి కృష్ణమూర్తి గారు ఊళ్లోనే ఉన్నారు, ఆయనే ఒప్పుకున్నారు. ఇతను అబద్ధమాడాడని అప్పుడు మా డిపార్ట్‌మెంటు అంది. ఆ మాట తప్పు. రికార్డులో మార్చాం."

అతని అన్న గోడ దగ్గర నుంచి కదిలి, పక్కింట్లోంచి కుర్చీ తెచ్చి వేశాడు. "కూర్చోరా నూకా. ఆయాసపడుతున్నావు."

నూకరాజు కుర్చీ వైపు చూశాడు. "వద్దులే అన్నయ్యా. ఆ రోజూ నిలబెట్టే అడిగారు, నిలబడే చెప్పాను."

నేను ముందుకెళ్లాను. "తొమ్మిదింటికే వెళ్లిపోయాడని వచ్చి చెప్పింది నేనే నూకరాజూ. పేరమ్మ గారు చూసిందని చెప్పింది కూడా నేనే. ఆవిడ చూశానని అనలేదు."

అతను నన్ను పరకాయించి చూశాడు. "స్టేషన్లో నేను చెబుతున్నప్పుడు తలుపు దగ్గర మీరే కదండీ ఉన్నారు?"

"నేనే."

"విన్నారు కదండీ."

"విన్నాను."

"ఆయ్" అన్నాడు, అవునండీ అన్నట్టు. అంతే. కర్ర సర్దుకుని, మంగ భుజం పట్టుకుని, వచ్చిన వీధినే నెమ్మదిగా వెనక్కి నడిచాడు. అన్న కుర్చీ అక్కడే వదిలేసి అతని వెనక వెళ్లాడు. ముగ్గురూ మలుపు తిరిగేదాకా నేను ఆ గేటు దగ్గరే ఉన్నాను.

ఇంతేనమ్మా నా ఉద్యోగం. విన్నవాళ్లు చల్లగా ఉండండి. మీ పొయ్యి ఆరకూడదు, మీ పాడి వట్టిపోకూడదు. మీ గడపలో నిజం చెప్పిన మనిషి ఎప్పుడూ ఒంటరిగా నిలబడకూడదు. మీ ఇంటిల్లిపాదికీ ఆ భీమేశ్వరుడు తోడుండాలి.